కథ మందా? కొరడాయా?

మన యిండ్లలో కథలకు కొదువ లేదు. కథ వినువాని మనస్సు నరయువారికే కొదువ. అన్నము తినని బిడ్డకు బూచివాని కథ. అబద్ధమాడిన బిడ్డకు ‘నాన్నా పులి’ కథ. చదువని బిడ్డకు సోమరిపోతు కథ. ప్రతి కథకును తుదిని చెప్పువారి వ్రేలు బిడ్డవైపు తిరుగును. “చూచితివా? నీవును అట్టివాడవే!” అను తీర్పు వెలువడును. మందుగా నుండదగిన వస్తువును మనము కొరడాగా వాడుకొనుచున్నాము. ఈ దురభ్యాసమును ఖండించుటకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

మేమెరిగిన యొక కుటుంబమున ఏడేండ్ల బాలుని తాత మరణించెను. పెద్దలు నిజము దాచి, “తాతయ్య ఊరికి వెళ్ళినాడు” అని చెప్పిరి. నాటినుండి తండ్రి యే పనిమీద ఊరికి బయలుదేరినను బాలుడు ఆయన చొక్కా పట్టుకొని విడువక యేడ్చుచుండెను. రాత్రులు పక్క తడుపుచుండెను. ఒకరు దిష్టి తీసిరి. ఒకరు తాయెత్తు కట్టిరి. ఇంకొకరు రెండు దెబ్బలు వేసిరి. ఎవరును కారణ మడుగలేదు. ఒకనాటి రాత్రి నాయనమ్మ, తానును అదే దుఃఖమున మునిగియున్నది, పిచ్చుకగూటి కథ నెత్తుకొనెను. గూటిలోని ముసలిపిచ్చుక యొక యుదయమున కదలక పడియుండెనని చెప్పి, “అప్పుడు పిల్లపిచ్చుక యేమి చేసినదిరా?” అని యడిగి ఊరకుండెను. బాలుడు చాలసేపు పలుకలేదు. పిమ్మట, “దానికి భయము వేసినది. గింజలకు పోయిన నాన్నపిచ్చుక గూడ రాదేమో అనుకొన్నది” అనెను. అంతలో మేనత్త వచ్చి, “అందుచేత నీవును ఏడువక బుద్ధిగా నుండవలెను” అని నీతి పలికెను. బాలుడు గోడవైపు తిరిగి పండుకొనెను. తలుపు తెరచినది కథ, మూసినది నీతి.

“నాకు భయముగా నున్నది” అని చెప్పుటకు ఆ బాలునికి నోరు రాలేదు. “పిచ్చుకకు భయము వేసినది” అని చెప్పుటకు వచ్చినది. కల్పితపాత్ర ప్రయోజనమంతయు ఇందే యున్నది. పిచ్చుక భయపడినచో దాని నెవ్వరును పిరికిపంద యనరు. దాని చాటున బాలుడు తన భయమును మాటలలో పెట్టగలడు. ఆ చాటును తొలగించి “ఆ పిచ్చుకవు నీవే” యనుట, గాయము మానకమునుపే కట్టు నూడబెరుకుటవంటిది.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. జూదమున రాజ్యమును గోల్పోయి అడవుల బాలైన ధర్మరాజు, తనవంటి దుఃఖితుడు మరియొకడు గలడా యని బృహదశ్వమహర్షి నడిగెను. మహర్షి “జూదమాడుట నీ తప్పు గదా” యనలేదు. జూదముననే సర్వమును గోల్పోయిన నలుని కథ చెప్పెను. అరణ్యపర్వమున నన్నయ తెనిగించిన ఆ యుపాఖ్యానమును మనవారు పదునొకండవ శతాబ్దమునుండి చదువుచునే యున్నారు. చెప్పిన తీరును మాత్రము గమనింపరైరి. కథ చెప్పి మహర్షి యంతటితో విడువలేదు. అక్షహృదయ మను పాచికల విద్యను గూడ ఉపదేశించెను. ముందు ఓదార్పు, పిమ్మట మరల మోసపోకుండు ఉపాయము. చికిత్సాక్రమ మదియే.

పాశ్చాత్యులు చెప్పిననే గాని నమ్మనివారికి ఆ సాక్ష్యమును గలదు. గ్రంథములతో చేయు చికిత్సకు అమెరికాలో శామ్యూల్ క్రోథర్స్ 1916లోనే ఒక పేరు పెట్టెను. అక్కడి వైద్యుడు రిచర్డ్ గార్డ్‌నర్ 1971లో ప్రకటించిన పద్ధతిలో కథ ముందుగా చెప్పువాడు బిడ్డయే. వైద్యుడు అవే పాత్రలను గైకొని మేలైన దారి చూపు మరియొక కథ చెప్పును. ఆస్ట్రేలియా దేశస్థుడైన మైకేల్ వైట్, బట్టలలో మలవిసర్జన చేయుచుండిన ఆరేండ్ల బాలునికి చికిత్స చేయుచు, ఆ బాధనే ఒక టక్కరిపాత్రగా నిలిపి దానికొక పేరు పెట్టెను. ఆ టక్కరి యింటివారి నెట్లు బాధించుచున్నది? నీవు దానికి లొంగని దినము లెవ్వి? అని ప్రశ్నించెను. అంతవరకు దోషిగా నిలిచిన బాలుడు ఆ టక్కరిపై పోరాడు వీరుడాయెను. బిడ్డ వేరు, బాధ వేరు అను నీ వివేకమే మన యిండ్లలో లోపించినది.

“నీతి లేని కథ యెందుకు? విష్ణుశర్మ నీతి చెప్పలేదా?” అని కొందరు మమ్ము ప్రశ్నింతురు. చెప్పెను. ఆయన కొప్పగింపబడినవారు చదువురాని రాకుమారులు, దుఃఖితులు కారు. అజ్ఞానమునకు బోధ మందు. దుఃఖమునకు వినుట మందు. ఒకదాని కిచ్చు మందు మరియొకదాని కిచ్చువాడు వైద్యు డెట్లగును?

మన పసిబిడ్డలందరు నెరిగిన ఏడు చేపల కథను చూడుడు. ఒక చేప యెండలేదు. రాకుమారుడు దానిని దండింపలేదు. ఏల యెండలేదని యడిగెను. చేప గడ్డిమేటును చూపెను. గడ్డిమేటు ఆవును చూపెను. విచారణ సాగి సాగి తుదకు ఏడ్చుచున్న పసివానికడకును, వానిని కుట్టిన చీమకడకును చేరెను. ఇంతటి విచారణను కథలో నేర్పుచున్న మనము, ఇంటిలో బిడ్డ యేడ్చినప్పుడు చీమను వెదకుచున్నామా? బిడ్డనే కొట్టుచున్నాము!

కథయే సర్వరోగనివారిణి యని మేము చెప్పుట లేదు. నిద్రాహారములు మానినవారిని, ప్రాణము తీసికొందు మనువారిని కథలతో కాలక్షేపము చేయించుట పాపము. భూతవైద్యునికడకు తీసికొనిపోవుట అంతకంటె పాపము. మానసిక వైద్యము పొందుట ప్రతివాని హక్కని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ సహాయము 14416 సంఖ్యకు ఫోను చేసినచో లభించును. లోకమేమనుకొనునో యని రోగమును దాచువారు రోగికి శత్రువులు.

మేము చెప్పిన బాలుని సంగతి ముగింతుము. నాయనమ్మ పట్టు విడువలేదు. మేనత్త నావలకు పంపి, ఆ పిచ్చుక కథనే పెక్కు రాత్రులు చెప్పెను. ముగింపు బాలునికే విడిచెను. కొన్ని రాత్రులు ముసలిపిచ్చుక తిరిగి వచ్చెను. ఒక రాత్రి బాలుడు తానే, “అది చచ్చిపోయినది గదా, నాయనమ్మా?” అనెను. ఆమె అవునని నిజము చెప్పెను. ఇద్దరును ఏడ్చిరి. అది మొదలు తండ్రియు, ఊరికి పోవునపుడు మరలివచ్చు దినము ముందుగా చెప్పి, ఆ దినమునకే వచ్చుచుండెను. చొక్కా పట్టుకొనుట క్రమముగా మానెను. కథ భయమును బయటికి తెచ్చినది. నిలుపుకొన్న మాట దానిని తగ్గించినది.

చదువరులారా! మీ యింట మూల కూర్చున్న బిడ్డకు, పలుకుట మానిన కోడలికి, వార్ధక్యమున తన్ను తాను భారమనుకొను మామగారికి ఒక కథ చెప్పుడు. “తరువాత ఏమైనది?” అని యడుగుడు. అడిగి ఊరకుండుడు. మనకు చేతకానిది ఆ ఊరకుండుటయే, నేర్వవలసినదియు నదియే.