పుస్తకములు మోసిన నవలాకారుఁడు

నవలాకారుని చరిత్రమును గ్రంథముల పట్టికతో ముగించుట మనకు వాడుక. శ్రీ వట్టికోట ఆళ్వారుస్వామి విషయమున నది చాలదు. 1915లో నల్లగొండ జిల్లాలో నిరుపేద యింటఁ బుట్టిన యీయన పరుల యిండ్ల వంట చేసి, హోటలులో పనిచేసి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్ది, స్వయంకృషిచేతనే విద్యావంతుఁడయ్యెను. పాఠశాలలయందు ఉర్దూయే బోధనభాషగాఁ జెల్లిన నిజాము రాజ్యమున, 1938లో సికింద్రాబాదునందు దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొని యూరూరఁ దిరిగి విక్రయించెను. నవల వ్రాయకమున్నే పాఠకులను సమకూర్చెను. 1942 ఉద్యమమునఁ జెఱసాల కేఁగెను. పిదప నిజామాబాదు చెఱలో దాశరథికి సహవాసి యయ్యెను.

'ప్రజల మనిషి' నవలయందు దొర రామభూపాలరావు దౌష్ట్యమును, దాని కెదురు నిలిచిన కంఠీరవుని చిత్రించెను. భూస్వాములగు మన పాఠకులలోఁ గొందఱకు ఆ గ్రంథము కటువుగాఁ దోఁపవచ్చును. అద్దముపైఁ గినిసి ప్రయోజనమేమి? వెట్టిచాకిరిని కన్నులారఁ జూచినవాఁడే దానిని వ్రాసెను.

1961లో నలుబదియాఱవ యేటనే యాయన గతించుటచే 'గంగు' అసంపూర్ణముగా మిగిలెను. ఆ కొఱఁత నెవ్వరును దీర్పఁజాలరు. కాని యాయన మోసిన మూటను మోయుట మన చేతిలోని పనియే. మీ గ్రామ గ్రంథాలయమున ఆయన పుస్తకము కలదా? లేనిచోఁ బ్రభుత్వమును నిందించుటకు ముందు మనమే యా లోపమును దీర్పవలయునని మా మనవి.