కొత్త కోడలి ఓటు ఏ ఊళ్లో?

ఎన్నికల భద్రత అనగానే మనకు గుర్తొచ్చేవి పోలీసులు, సీలు వేసిన ఓటింగు యంత్రాలు. దొంగ ఓటరుని పట్టుకుంటే చాలనుకుంటాం. కానీ అసలు ఓటరు పేరే జాబితాలో లేకుండా పోతే? ఆడపిల్లకి ఆ గండం పెళ్లితోనే మొదలవుతుంది.

1951-52లో జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాకెక్కలేదు. ‘ఫలానావారి భార్యని’, ‘ఫలానావాడి తల్లిని’ అన్నారే తప్ప వాళ్లు సొంత పేరు చెప్పలేదు. పేరు చెబితేనే ఓటని అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. మంచిపనే చేశారంటాను నేను.

ఇప్పుడు పేరు చెప్పడానికి మొహమాటం లేదు. చిక్కంతా చిరునామాతోనే. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒకరి పేరు ఒక్కచోటే ఉండాలి. న్యాయమే. అయితే పెళ్లయిన పిల్ల ఊళ్లో లేదని పుట్టింటి దగ్గర పేరు కొట్టేస్తారు. అత్తవారి ఊళ్లో చేర్పించే తీరిక ఎవరికీ ఉండదు. అలా తీసేసే ముందు ఆమె మాట వినాలని ఆ చట్టంలోని 22వ సెక్షన్ చెబుతోంది. మరి ఆ కబురు పాత చిరునామాకే వెళితే, అత్తింట్లో ఉన్న పిల్లకి తెలిసేదెలా? మా వీధిలో కొత్త కోడళ్లనడిగితే, ‘నా ఓటు సంగతి నాన్నగారికే తెలుసండీ’ అన్నవాళ్లే ఎక్కువ.

చట్టం మనకోసం మారలేదనను. 2021 సవరణతో 18 ఏళ్లు నిండిన లెక్క ఒక్క జనవరి 1నే కాక ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీల్లో కూడా చూస్తున్నారు. సైన్యంలో పనిచేసేవారి విషయంలో ‘భార్య’ అన్న మాట తీసి ‘జీవిత భాగస్వామి’ అని రాశారు. దాంతో ఆడ అధికారి భర్తకీ ఆ సౌకర్యం దక్కింది. తగిన కారణం ఉండి ఆధార్ ఇవ్వలేకపోతే పేరు తీసెయ్యకూడదనీ అందులోనే ఉంది.

కానీ చట్టం ఇంటికొచ్చి మన కాగితం నింపదు కదా! ఇల్లు మారినా, నియోజకవర్గం మారినా, పేరులో తప్పున్నా 8వ నంబరు ఫారం ఇవ్వాలి. నామినేషన్ల ఆఖరి రోజు దాటితే ఆ ఎన్నికకు ఇక చేర్చరు. పోలింగునాడు వెళ్లి పోట్లాడి లాభం లేదు.

రేషన్ కార్డులో కోడలి పేరెక్కించడానికి ఎన్నిసార్లయినా తిరుగుతాం. అందులో సగం తొందర ఓటరు జాబితాకి చూపించలేమా? ఎవరో చేస్తారులే అనుకోకుండా, ఆ ఫారం మీద సంతకం ఆ పిల్ల చేతే పెట్టించండి.