పసుపు దీపం వెలిగితే పార్టు మార్చడమేనా?

మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, తెలుగు రాత రిటైరయ్యాక నేర్చుకున్నాం. తప్పులుంటే సర్దుకొని చదవండి. ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం.

పోయిన తై నెలలో మనవరాలికి చెవులు కుట్టించడానికి తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి కార్లో బయలుదేరాం. కొండ రోడ్డు ఎక్కుతుంటే బండి వణికింది, లాగలేదు. మీటరులో ఇంజను బొమ్మ పసుపు రంగులో వెలిగింది. ఎలాగో పని ముగించుకొని ఇల్లు చేరాం. మర్నాడు షెడ్డులో చూపిస్తే పెట్రోలు పంపు పోయిందన్నారు. మార్చారు, తొమ్మిది వేలయింది. బ్యాటరీ వైరు తీసి పెట్టేసరికి దీపం కూడా ఆరిపోయింది. పది రోజులకి మళ్ళీ అదే వణుకు, అదే దీపం. షెడ్డుకి పోయి నాలుగు మాటలు అనేసి వచ్చాం. ఆ మెకానిక్కు మాతో పాటు డ్యూటీ చేసినాయన కొడుకు. రెండు ఇళ్ళకీ మాటలు ఆగిపోయాయి.

శ్రీపెరంబుదూరు దగ్గర కంపెనీలో పని చేసే మా మేనల్లుడు ఆదివారం వచ్చాడు. "మామా, ముందు బండి ఏం చెప్తోందో చదువుదాం" అని వేలెడంత డబ్బా ఒకటి తీశాడు. స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్టు ఉంటుంది, అందులో గుచ్చి ఫోనుకి కలిపాడు. ఫోనులో పి0302 అని వచ్చింది. పి అంటే ఇంజను, గేరు వైపు సంగతి. 03 అంటే పెట్రోలు మండించే ఏర్పాటుకి సంబంధించినది. చివరి 02 రెండో సిలిండరు. అంటే రెండో సిలిండరులో పెట్రోలు సరిగా మండడం లేదు.

ఇక్కడే మేము తొందరపడ్డాం. "అయితే ప్లగ్గు మార్చేద్దాం" అన్నాం. వాడు ఒప్పుకోలేదు. ఇంజను ఆపి, చల్లారాక, రెండో సిలిండరు కాయిలు తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి పెట్టాడు. కోడు చెరిపి ఒక రౌండు పోయి వచ్చాం. ఈసారి పి0303. కాయిలుతో పాటు తప్పూ జరిగింది కాబట్టి చెడింది కాయిలే. కొత్తది వేశాం. పంపుకి పెట్టిన డబ్బులో నాలుగో వంతు కూడా కాలేదు.

దీన్ని చూసి "ఇక మెకానిక్కు అక్కర్లేదు" అనుకోకండి. మన సభ్యుడొకాయన బండిలో పి0171 వచ్చింది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దాని అర్థం. ఆయన ఆక్సిజన్ సెన్సరు తెప్పించి మార్చారు. దీపం ఆరలేదు. చివరికి చూస్తే రబ్బరు గొట్టం పగిలి గాలి లోపలికి పోతోంది. సెన్సరు ఉన్న మాటే చెప్పింది, కబురు తెచ్చినవాణ్ణి మార్చి ఏం లాభం? కోడు జబ్బు లక్షణం చెప్తుంది, ఏ పార్టు కొనాలో చెప్పదు.

రైల్వేలో డ్రైవరు "ఏదో శబ్దం వస్తోంది" అని చెప్పి దిగిపోడు. ఎక్కడ, ఎంత వేగంలో, ఎన్ని గంటలకి అని రాసిచ్చి పోతాడు. మేము షెడ్డులో ఏమన్నాం? "బండి బాగాలేదు, చూడప్పా" అన్నాం, అంతే. కొండ ఎక్కేటప్పుడే వణుకుతోందని కూడా చెప్పలేదు. దీపం వెలిగిన క్షణంలో వేగమెంత, ఇంజను వేడి ఎంత అని కారు తానే రాసి పెట్టుకుంటుంది. దాన్ని చదవకుండా చెరిపేస్తే రిజిస్టరులో కాగితం చించినట్టే. చదవకుండా పంపు మార్చడం వాళ్ళ తప్పు, సరిగా చెప్పకపోవడం మా తప్పు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. పెళ్ళికి గుండిగలు అరువిచ్చినట్టు సంఘం ఒక కోడ్ రీడరు కొని ఉంచాలి. మన దేశంలో కార్లకి ఈ ఏర్పాటు 2010 ఏప్రిల్‌లో మొదలై 2013 ఏప్రిల్ నుంచి రెండో మెట్టుకి వచ్చింది. మనలో చాలామంది బండ్లకి పనికొస్తుంది. వాడేవాళ్ళు కోడు నోటు బుక్కులో రాయాలి, చెరపకుండా మెకానిక్కుకి చూపించాలి. పసుపు దీపం ఆగకుండా మిణుకుతుంటే బండి ఓరగా ఆపేయాలి, మండని పెట్రోలు సైలెన్సరు దారిలోని ఖరీదైన కన్వర్టరుని పాడు చేస్తుంది. ఆయిలు దీపమో, వేడి దీపమో ఎర్రగా వెలిగితే కోడు కోసం చూడకండి, వెంటనే ఇంజను ఆపండి.

"ఇది మెకానిక్కుని అవమానించడం కదా" అని ఒకరు అడిగారు. ఇంట్లో బీపీ మిషను ఉంటే డాక్టరుకి అవమానమా? నంబరు తీసుకొనిపోతే ఆయన పని సులువవుతుంది. మేము ఆ షెడ్డుకే మళ్ళీ పోయి, రెండు కోడులూ చూపించి, అన్న మాటలకి మన్నింపు అడిగాం. ఆ అబ్బాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నా దగ్గర స్కానరు లేదు మామా, అందాజుగా చెప్పాను" అన్నాడు.

వచ్చే నెల కూటంలో ఈ మాట పెడతాం. వద్దనేవాళ్ళు కూడా తప్పకుండా రండి, ఎందుకు వద్దో చెప్పండి.