ముందు బయలుదేరిన బండి

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ ఒడ్డునున్న వీధులనే 2.83 కిలోమీటర్ల బాటగా మలచి ఫార్ములా ఈ కార్ల పందెం నడిపారు. అర్హత పరుగులో ఎక్కువ వేగం చూపినవాడికే అక్కడ ముందు చోటు. ఉన్నవాడికే మరికొంత పెట్టడమన్నమాట!

దీనికి తలకిందులైన పద్ధతి ఒకటుండేది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక తొలి ఆస్ట్రేలియన్ గ్రాండ్ ప్రీ 1947 అక్టోబరులో, బాథర్స్ట్ ఊళ్ళోని మౌంట్ పనోరమా కొండదారిలో, హ్యాండికాప్ పందెంగా సాగింది. మామూలు రోజుల్లో అది అందరూ తిరిగే దారే. ఒక్కో బండి శక్తిని అంచనా వేసి, నెమ్మదైనదాన్ని ముందుగా, వేగమైనదాన్ని చివరగా వదిలారు. గెలిచింది 1250 సీసీల చిన్న ఎంజీ కారు. నడిపినవాడు బిల్ మర్రే. ఆ గెలుపును దానమని ఎవరనగలరు? ముందు బయలుదేరినా, దూరమంతా అతడే నడపాలి కదా.

రిజర్వేషన్ల మీద వాదన విన్నప్పుడల్లా నాకీ పందెమే గుర్తొస్తుంది. మహబూబాబాద్ తండా బిడ్డ, భూపాలపల్లి అడవిపల్లె బిడ్డ, జనగామ మెట్టపొలాల్లో పనిచేసే కూలీ బిడ్డ, రాజధాని పిల్లలతో కలిసి ఒకే ప్రవేశపరీక్ష రాస్తారు. ప్రశ్నపత్రం ఒక్కటైనంత మాత్రాన పందెం సమానమైపోతుందా?

అంచనా తప్పవచ్చు. అవసరంలేనివాడికి ఎక్కువ, ఉన్నవాడికి తక్కువ దక్కవచ్చు. అప్పుడు దిద్దవలసింది లెక్కను. పద్ధతినే ఎత్తివేయడం న్యాయం కాదు. దారి అందరిదీ అన్నాక, గమ్యం చేరే అవకాశమూ అందరిదీ కావాలి.