చూడక మానుటయు మర్యాదయే

మన తెలుగు గృహములలో విహారయాత్రలు ప్రబలుచున్నవి. అందులకు మేము సంతోషించువారమే. స్త్రీలు వంటయింటి గడప దాటి నాలుగు దినములు గాలి పీల్చుకొనుట, పిల్లలు కొత్త సముద్రమును కన్నులార చూచుట, గృహస్థుడు కచేరి కాగితములను మఱచుట, ఇవి యన్నియు మంచివే. కాని యాత్ర చేయుటకంటె యాత్రాపట్టికను పూర్తిచేయుట ముఖ్యమైపోయినది. పూర్వము తీర్థయాత్రలకు పోయినవారు తిరిగివచ్చి, ఎన్ని క్షేత్రములు సేవించితిమో వ్రేళ్లు మడచి లెక్క చెప్పెడివారు. ఒక్క క్షేత్రమునందైనను మనసు నిలిచినదా యని వారిని అడిగినవారు లేరు. ఆ లెక్కల భక్తిని మౌఢ్యమని మనమే పరిహసించితిమి. ఇప్పుడా మౌఢ్యమే వేషము మార్చుకొని విమానమెక్కినది. ఎన్ని చోట్లు చూచితిరని యడుగువారును, పదునాలుగని చెప్పి గర్వపడువారును మన యిండ్లలోనే యున్నారు.

మేము చెప్పబోవునది ఏ దీవికైనను వర్తించును. అయినను మన పాఠకులలో పలువురెఱిగిన అండమాను దీవులనే యుదాహరణముగా గైకొందుము. అవి మనకు పరాయివి కావు. ఉత్తరాంధ్ర తీరమునుండి పోయి అక్కడ తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కులు కలవు. ప్రభుత్వోద్యోగులకు సెలవు ప్రయాణపు రాయితీపై అక్కడికి విమానమున పోవు సౌకర్యము కల్పించుటచే మనవారనేకులు పోయివచ్చినారు. 2018లో హావ్‌లాకు దీవికి స్వరాజ్ ద్వీపమనియు, నీల్ దీవికి షహీద్ ద్వీపమనియు, 2024లో పోర్టుబ్లెయిరునకు శ్రీవిజయపురమనియు పేళ్లు మార్చిరి. పేళ్లు మాఱినవి గాని, మనవారు చేతబట్టుకొని పోవు పట్టిక మాత్రము మాఱలేదు.

ఐదు దినముల సెలవుపై పోయిన కుటుంబమునకు మొదటి దినమును కడపటి దినమును రాకపోకలకే చాలవరకు చెల్లును. మిగిలిన మూడు దినములలో దీవినుండి దీవికి పోవు ఓడలు కొన్ని గంటలను మ్రింగును. దీనికి తోడు, ఆ దీవులు మనకు బహుదూరము తూర్పున నున్నను అక్కడి గడియారము మన గడియారమే. కావున శీతకాలమున సాయంకాలము ఐదు గంటలకే ప్రొద్దు క్రుంకును. ఇంత కొద్దికాలములో అన్నియు చూడజాలము. కొన్నిటిని విడువక తప్పదు. ఈ మాట అందఱును ఒప్పుకొందురు. అయితే విడుచుటకు కొలబద్ద యేది? మనవారు డబ్బును, గంటలను మాత్రమే కొలుచుచున్నారు. అది చాలదని మా వాదము. రెండు చిన్న ప్రశ్నలను, ఒక పెద్ద ప్రశ్నను వేసికొని పిమ్మట పట్టిక వ్రాసికొనవలెను.

మొదటి చిన్న ప్రశ్న: ఇది మన యూర దొరకునదియేనా? నీటిపై గిరగిర తిరుగు యంత్రపు బండ్లు మన విశాఖతీరమునను కలవు. ఆ బండి యెక్కి పది నిమిషములు కేకలు వేయుటకు బంగాళాఖాతమును దాటి పోనక్కఱలేదు. బజారులలో అమ్ము గవ్వల దండల సంగతియు నంతే. భీమిలిలోనో, రామేశ్వరములోనో కొన్నవి యింట నుండనే యున్నవి.

రెండవ చిన్న ప్రశ్న: ఇంటిలో అందఱికంటె అలసినవారికి ఇది విశ్రాంతియా, వెట్టియా? మా మిత్రుడొకడు ఐదు దినములలో మూడు దీవులు చూపింతునని భార్యాబిడ్డలను తీసికొనిపోయెను. నాలుగు బసలు మార్చిరి. నాలుగు మార్లు పెట్టెలు విప్పి సర్దినది ఆ యిల్లాలే. తడిబట్టలు పిండి ఆరవేసినది, తెల్లవారక మునుపే పిల్లలను లేపి ముఖము కడిగినది, అత్తగారి మందులు వేళకు అందించినది ఆమెయే. తిరిగివచ్చిన పిమ్మట సముద్రమెట్లున్నదని మేమడుగగా, "దూరమునుండి చూచితిని, బాగుగనే యున్నది" అనెను. స్త్రీ విముక్తినిగూర్చి సభలలో మాటలాడు మనము, సెలవు దినములలో సయితము ఆమెకు సెలవు ఇయ్యకున్నాము. ఇట్టి కుటుంబము విడువవలసిన మొదటి వస్తువు మూడవ దీవి. ఒకే దీవిలో, ఒకే బసలో మూడు రాత్రులుండినచో ఆమెకును ఒక సాయంకాలము దక్కును. యువకులకు మఱియొక హెచ్చరిక. శ్వాసయంత్రమును తగిలించుకొని సముద్రగర్భమున మునిగినవారు విమానమెక్కుటకు ముందు కనీసము 12 గంటలును, పలుమార్లు మునిగినచో 18 గంటలును ఆగవలెనని ఆ విద్య తెలిసినవారు చెప్పుదురు. కావున కడపటి దినమున మునుగుటను పట్టికనుండి కొట్టివేయవలెను.

ఇక పెద్ద ప్రశ్న: మన వినోదమునకు మూల్యమును మనమే చెల్లించుచున్నామా, లేక నోరులేని వారెవరైన చెల్లించుచున్నారా?

సముద్రమునే తీసికొందుము. పగడపు దిబ్బ రాయివలె కనబడును గాని రాయి కాదు, సూక్ష్మజీవుల కాపురము. 2010లోను, 2016లోను సముద్రజలము మితిమీరి వేడెక్కుటచే అండమాను పగడములు విస్తారముగా తెల్లబడి నశించినవి. చావక మిగిలినవానిపై, పోటు తగ్గిన వేళ షహీద్ ద్వీపపు ఒడ్డున మనవారు చెప్పులకాళ్లతో నిలిచి చిత్రములు తీయించుకొందురు. ఏండ్ల తరబడి పెరిగిన కొమ్మ ఒక్క అడుగుతో విఱుగును. విఱిగిన ముక్కను పెట్టెలో దాచితెచ్చుట 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరము. ఈత రానివారు అద్దపు అడుగుగల పడవ నెక్కి చూడవచ్చును. పడవవాని కూలి వానికి ముట్టును, పగడమునకు హాని లేదు. పగడములపై నడచుటను విడువుడు, చూచుటను విడువనక్కఱలేదు.

కాని పూర్తిగ విడువవలసినది ఒకటి కలదు. మేము ఈ వ్యాసము వ్రాయుటకు కారణమదియే. శ్రీవిజయపురమునుండి ఉత్తరముగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున బారటాంగు దీవి యున్నది. అచ్చట సున్నపురాతి గుహలును, బురదను కక్కు చిన్న దిబ్బలును కలవు. ఆ దారి జిర్కాటాంగు దాటిన పిమ్మట జరావా జాతివారి అడవిగుండ పోవును. జరావాలు 2011 జనాభా లెక్కలలో 380 మంది. వేటయు, చేపలును, తేనెయు వారి జీవనాధారము. 1997 వఱకు వారు బయటివారితో చెలిమికి రాలేదు. వచ్చిన కొలది కాలమునకే 1999లోను, మఱల 2006లోను పొంగు సోకి బాధపడిరి. వారిని కాపాడుటకు 1956లోనే శాసనము పుట్టినది. వారి యడవిలో ఆగుట, వారి చిత్రములు తీయుట, వారికి తినుబండారములు ఇచ్చుట నిషిద్ధములు. 2002లో సుప్రీముకోర్టు ఆ దారిని వారి యడవిమేర మూయవలసినదని యాజ్ఞాపించినది. దారి మూతపడలేదు. 2012లో, తిండి యాశ చూపి జరావా స్త్రీలచే నాట్యమాడించిన దృశ్యమును లండను పత్రిక యొకటి లోకమునకు చూపగా దేశమంతయు సిగ్గుపడినది. 2013 జనవరిలో కోర్టు యాత్రికులను ఆ దారిని పోవలదనెను. కొన్ని వారములకే ఆ నిషేధము తొలగినది. వాహనముల వరుసలు మఱల సాగినవి.

మేమును కొన్నియేండ్ల క్రిందట ఆ వరుసలో పోయితిమి. దాచుట ధర్మము కాదు. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, నిద్రమొగములతో బండి యెక్కితిమి. గుహలు చూచుటకు పోవుచున్నామని పైకి చెప్పుకొంటిమి. కాని అడవి మొదలుకాగానే బండిలోని వారందఱు అద్దములకు ముఖము లానించిరి. మేమును ఆనించితిమి. ఆ దినమున ఎవరును కనబడలేదు. ఒక బాలుడు "ఇంకను రాలేదేమి?" అని యేడ్చెను. తండ్రి వానిని ఓదార్చుచు, తిరిగివచ్చునపుడు తప్పక కనబడుదురని చెప్పెను. పులి కనబడనప్పుడు పిల్లలతో చెప్పు మాటయే యది. మా మనసులోను ఆ బాలుని యాశాభంగమే యుండెనని గ్రహించి తల వంచుకొంటిమి. గుహలు చూచితిమి, మా కిప్పుడు జ్ఞాపకము లేవు. ఆ మాట మాత్రము చెవిలో నిలిచినది.

అంతకు ముందుదినముననే మేము సెల్యులరు జైలు చూచియుంటిమి. 1896లో కట్ట నారంభించి 1906లో ముగించిన ఆ కారాగారమునకు ఏడు రెక్కలుండెడివి. నేడు మూడే మిగిలినవి. 1933లో ఖైదీలు అన్నము మానగా బలవంతముగ పాలు పోయుటవలన మృతినొందినవారి కథ విని కన్నీరు పెట్టుకొంటిమి. మన రంప పోరాటమున పాల్గొన్న గాము మల్లుదొర ఆ దీవులలోనే శిక్ష ననుభవించి, స్వాతంత్ర్యానంతరము 1952లో తొలి లోకసభకు ఎన్నికయ్యెనని మా పిల్లలకు గర్వముతో చెప్పితిమి. మన్యపు మనిషి మానము కొఱకు నిన్న కన్నీరు కార్చిన కన్నులే, నేడు మఱియొక యడవి మనిషిని అద్దములోనుండి వెదకినవి. ఇంతకంటె విపరీతమేమి కలదు? ఆంగ్లేయులు 1858లో శిక్షాస్థానము నెలకొల్పునప్పటికి వేలసంఖ్యలో నుండిన గ్రేటు అండమానీయులు, పరాయివారి సాంగత్యమువలనను, వారు తెచ్చిన రోగములవలనను క్షీణించి, నేడు కొన్ని పదులకు దిగిరి. జైలు కథయు వీరి కథయు ఒక్క చరిత్రలోని రెండు పుటలు. ఒక పుట చదివి రెండవదానిని మూసివేయుట చదువరుల లక్షణము కాదు.

దీనికి మనవారు చెప్పు సమాధానములు మే మెఱుగుదుము. ప్రభుత్వమే దారి విడిచినది గదా, మన తప్పేమి యందురు. బాల్యవివాహములను చట్టము నిషేధింపకమునుపు అవి ధర్మములై యుండెనా? చట్టము వచ్చువఱకు మంచితనమును వాయిదా వేయువారు సంస్కర్తలు కారు. మేము పోవునది గుహలకే, మనుష్యులకు కాదందురు. అట్లయిన మన బొఱ్ఱా గుహలు విశాఖకు దగ్గఱనే యున్నవి. నంద్యాల జిల్లాలో బెలుము గుహలు మూడు కిలోమీటర్లకు పైగా సాగుచున్నవి. రెండును సున్నపురాతి గుహలే. వీనిని చూడనివారు అర్ధరాత్రి లేచి బారటాంగునకు పరుగెత్తుట గుహలపై ప్రేమ యని మేము నమ్మజాలము.

పేదల జీవనోపాధి పోవునని మఱికొందఱందురు. ఈ యాక్షేపణ గౌరవింపదగినది. బండి నడపువాడును, పడవవాడును తమ కుటుంబములను పోషించుకొనుచున్నారు. ఆ యుత్తరదీవులలోని ప్రజలకు వైద్యమునకును, చదువునకును దారి కావలెను. వారి రాకపోకలనుగూర్చి మే మొక మాటయు అనుట లేదు. మా మాట యాత్రికులకే. ఆ దినమున మనము వ్యయముచేయు ధనమును ఊరిలోని మఱియొక బండివానికి, జైలు చరిత్ర చెప్పు మార్గదర్శికి, పోటు తగ్గిన వేళ పగడము త్రొక్కకుండ ఒడ్డున నడిపించు స్థానికునికి ఇచ్చినచో దీవి సొమ్ము దీవిలోనే యుండును. ఇంత ఖర్చుపెట్టి వచ్చితిమి, మరల వత్తుమా యని కడపటి మాట. మరల రాకపోవచ్చును. మన జీవితములో చూడకయే విడుచునవి కోట్లు. వానిలో ఒకదానిని తెలిసి, తలచి, ఇతరుల మానము కొఱకు విడుచుట నష్టమా?

అట్లు మిగిలిన దినమును ఏమి చేయవలెనని యడుగుదురేమో. ఏమియు చేయకుడు. జైలునకు ఒక పూట నిదానముగ ఇయ్యుడు. రాధానగరు ఇసుకపై ప్రొద్దు క్రుంకువఱకు కూర్చుండుడు. ఇల్లాలిని కాళ్లు తడుపుకొననిండు. పెట్టెలు మీరు సర్దుడు. బారటాంగునకు ఏల పోలేదని పిల్లలడిగినచో నిజము చెప్పుడు: "అది ఒకరి యిల్లు, వారు మనలను పిలువలేదు." ఈ యొక్క వాక్యము వారికి పదునాలుగు చోట్లకంటె మిన్నయైన చదువు.

మన పెద్దలు పరుల యింటి వాకిట నిలిచి లోనికి తొంగిచూచుటను అమర్యాద యనిరి. వాకిలి లేని యిల్లయినను, ఆ యిల్లు అడవియైనను, ఆ మర్యాద మాఱదు. పాఠకులారా, ఈసారి సెలవునకు పట్టిక వ్రాయునపుడు పోవలసినవానిని తరువాత వ్రాయుడు; పోరానిదానిని మొదట వ్రాసి, దానిపై గీత గీయుడు.