ఐదు కిలోల వంకాయలకు టెండరా?

మహారాష్ట్ర దుర్గాపూర్‌లో దొరికేది బొగ్గు, కురిసేది బూడిద. అక్కడి బడిపిల్లలకు మధ్యాహ్న భోజనంలో స్థానిక పంట పెట్టాలనడం ఏమిటి? చాందా (చంద్రపూర్) జిల్లాలో చదువుకున్నవాళ్ళు కూడా ఈ మాటే అంటున్నారు. దానికి తోకగా ఇంకోటి: సర్కారు సొమ్ముతో ఊరి రైతు దగ్గర కొనడం దుబారా, పెద్ద గుత్తేదారు దగ్గర టోకున కొంటేనే చవక. రెండూ తప్పే. మొదటిది జిల్లా తెలియక అన్నది, రెండోది లెక్క చూడక అన్నది.

దుర్గాపూర్ చుట్టూ గనులూ, థర్మల్ పొగగొట్టాలూ ఉన్నమాట నిజమే. స్థానికం అంటే బడి గోడ పక్కనే పండాలని ఎవరన్నారు? ఇదే జిల్లాలో మూల్, సిందేవాహి, నాగభీడ్ వరి తాలూకాలు. వరోరా వైపు నల్లరేగడిలో పత్తి సాళ్ళ మధ్య కంది. తూర్పున పాత మాల్గుజారీ చెరువుల్లో చేపలు. మన తెలుగు ఇళ్ళలో ఇష్టంగా వండుకునే హెచ్‌ఎంటీ బియ్యం ఎక్కడిదనుకున్నారు? నాగభీడ్ తాలూకా నాందేడ్ గ్రామంలో (మరాఠ్వాడా నాందేడ్ వేరు) దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు 1983లో తన మడిలో వేరుగా కనిపించిన కంకులను ఏరి, ఏటేటా విత్తి నిలబెట్టిన వంగడం అది. పొరుగు రాష్ట్రాలకు అన్నం పెట్టిన జిల్లాకు తన పిల్లలకు పెట్టుకునే సత్తా లేదా?

ఇక లెక్క చూద్దాం, తీర్పు మీరే చెప్పండి. కేంద్ర నిబంధన ప్రకారం ప్రాథమిక తరగతుల్లో ఒక్కో బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. వందమంది ఉన్న బడికి బియ్యం 10 కిలోలు, పప్పు 2 కిలోలు, కూరగాయలు 5 కిలోలు. బియ్యం ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) గోదాము నుంచే రానివ్వండి. కరువు ఏడాది ఆ గోదాము అక్కర ఎవరూ కాదనరు. కానీ అన్నిటికీ టోకు గుత్తేదారే కావాలనేవారిని అడుగుతున్నాను: ఐదు కిలోల వంకాయలకు టెండరా? సంతలో గంప దింపుకుని కూర్చున్న ఒక్క మనిషి దగ్గర అంత సరుకు ఉంటుంది. పొద్దున కోసింది మధ్యాహ్నానికి పళ్ళెంలో పడుతుంది.

“చిన్నవాళ్ళు వేళకు అందించలేరండీ” అంటారు. ఎందుకు అందించలేరు? బిల్లు నెలల తరబడి రాకపోయినా గుత్తేదారు తట్టుకుంటాడు. కూరగాయలమ్మే ఆవిడ ఎట్లా తట్టుకుంటుంది? సర్కారు చేసిన ఆలస్యాన్ని ఆమె చేతకానితనం కింద రాయడం అన్యాయం. వారం వారం డబ్బు చేతికిచ్చి చూడండి, ఆ తర్వాత మాట్లాడండి.

ఇదేమీ కొత్త కోరిక కాదు. అంగన్‌వాడీ ఆహారం సరఫరాకు కాంట్రాక్టర్లు వద్దని సుప్రీంకోర్టు 2004 అక్టోబర్ 7నే ఆదేశించింది. అయినా మహారాష్ట్రలో పెద్ద సంస్థలకే దక్కేట్టు టెండరు షరతులు రాశారు. 2019లో అదే కోర్టు ఆ టెండరును కొట్టేసింది. బడుల్లో మధ్యాహ్న భోజనం పెట్టే పీఎం పోషణ్ పథకం కూడా స్థానిక పంటలనూ, మహిళా బచత్ గట్లనూ (పొదుపు సంఘాలనూ) ప్రోత్సహించమనే అంటోంది. బ్రెజిల్ 2009లో ఏకంగా చట్టం చేసింది: బడి భోజనానికి కేంద్రం ఇచ్చే సొమ్ములో కనీసం 30 శాతంతో కుటుంబ సేద్యం చేసేవారి దగ్గరే కొనాలని అప్పుడు షరతు పెట్టింది. అక్కడ చట్టమైంది ఇక్కడ ప్రోత్సాహం దగ్గరే ఆగింది. ప్రోత్సహించకపోతే ఎవరిని నిలదీయాలి?

“డబ్బేదీ?” అన్నది వాళ్ళ చివరి అస్త్రం. పప్పు, కూర, నూనె, పొయ్యి ఖర్చు అన్నీ కలిపి ప్రాథమిక విద్యార్థికి పూటకు 6.78 రూపాయలని 2025 మే నుంచి వర్తించేలా నిర్ణయించారు. చాలదు, నిజమే. కానీ బొగ్గు జిల్లాలో కూర్చుని లేదనడమేమిటి? 2015 చట్ట సవరణ నుంచి గనులవాళ్ళు రాయల్టీకి తోడు జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు వాటా కట్టాలి. అందులో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు, స్త్రీ శిశు సంక్షేమం వంటి పనులకే వెచ్చించాలని అప్పటి మార్గదర్శకాలే చెప్పాయి. బొగ్గు దుమ్ము పీల్చే పిల్లల పేరిట జమైన సొమ్ము అది. అందులోంచి వారానికి రెండు గుడ్లు, ఒకపూట చేప, రోజూ తాజా ఆకుకూర పెట్టడానికి ఏ నిబంధన అడ్డొస్తోందో అధికారులు కాగితం మీద రాసి చూపించాలి.