నర్సమ్మ ఊళ్ళో నిలవాలంటే...

పసిబిడ్డకు టీకా వేయించాలన్నా, గర్భిణికి రక్తపోటు చూపించాలన్నా పల్లెటూళ్ళో మనకు ముందు గుర్తొచ్చేది నర్సమ్మే. మైదాన ప్రాంతాల్లో 30 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5 వేలకు ఒక ఉపకేంద్రం ఉండాలన్నది ప్రభుత్వ నియమం. గిరిజన, కొండ ప్రాంతాల్లో 20 వేలకు, 3 వేలకే ఉండాలి. భవనాలైతే కట్టగలం. అందులో నర్సును పదేళ్ళు నిలపడమే కష్టంగా ఉంది.

నర్సింగ్ చదివిన ఆడపిల్లలు మనకు లేరా? ఉన్నారు. వారి కోసం ఇతర దేశాలూ ఎదురుచూస్తున్నాయి. 2023లో ప్రపంచవ్యాప్తంగా 58 లక్షల మంది నర్సుల కొరత ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదికలో తెలిపింది. గల్ఫ్‌కో, బ్రిటన్‌కో, జర్మనీకో వెళ్ళే అమ్మాయిని మనం తప్పుపట్టలేం. ఇంటి అప్పు తీర్చవలసింది ఆమే.

మరి ఇక్కడ ఆమెకు దక్కుతున్నదేమిటి? 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలయ్యాక ఉపకేంద్రాల్లో రెండో ఏఎన్ఎంలను కాంట్రాక్టుపై తీసుకున్నారు. ఏళ్ళ తరబడి పనిచేసినా పర్మినెంట్ కాకపోవడంతో తెలంగాణలో వారు 2023 ఆగస్టులో సమ్మెకు దిగారు. ఆయుష్మాన్ భారత్ కింద 2018 తర్వాత బి.ఎస్సీ. నర్సింగ్ చదివినవారిని ఉపకేంద్రాలకు పంపారు. ఆలోచన మంచిదే. అయితే వారినీ కాంట్రాక్టుపైనే పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో వారూ సమ్మె చేయవలసి వచ్చింది.

జీతం ఒక్కటే సమస్య కాదు. సాయంత్రం చివరి బస్సు పోతే ఆమె ఎక్కడుండాలి? తలుపుకు గట్టి గడియ ఉన్న క్వార్టరు, నీళ్ళొచ్చే మరుగుదొడ్డి ఉన్నాయా? చేరిన పోస్టులోనే రిటైరయ్యే ఉద్యోగంలో ఆశ ఏముంటుంది? పల్లెల్లో పుట్టిన విద్యార్థులనే చేర్చుకుని శిక్షణ ఇవ్వాలని, వసతి, భద్రత, పదోన్నతి కల్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించింది. 2021లో ఆ సూచనలను సవరించి మళ్ళీ వెలువరించింది. అమలు చేయడానికి కొత్త కమిటీలు అక్కర్లేదు.

ఇందులో మన బాధ్యతా కొంత ఉంది. "నర్సు ఉద్యోగమా?" అని పెదవి విరిచే ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి. కాన్పు సమయంలో ఆమె కోసం పరుగెత్తేదీ ఆ ఇళ్ళవారే. చదవాలనుకునే మన అమ్మాయిని ఆపకుండా ఉందాం. ఊరికి వచ్చిన నర్సుకు అద్దె ఇల్లు దొరక్కపోతే పంచాయతీ పెద్దలతో మాట్లాడి మనమే చూపిద్దాం. పోస్టు పర్మినెంట్ చేయమని సర్కారును అడిగే హక్కు అప్పుడు మనకు మరింత ఉంటుంది.